కుందేళ్ళ సాక్ష్యం, శ్యామలాంబ గారి సంతకం

1990వ సంవత్సరం జూన్ నాలుగవ తేదీ సోమవారం ఉదయం తొమ్మిది గంటలకు శ్రీమతి కొప్పిశెట్టి శ్యామలాంబ గారు, రాజమండ్రి నుంచి కడియం వెళ్ళే రోడ్డులో మొక్కల నర్సరీల నడుమ అప్పుడే వెలసిన మన సప్తగోదావరి సర్జికల్స్ సంస్థలో భద్రతా పరీక్షల అధికారిణిగా పదవీ బాధ్యతలు స్వీకరించారు. తొమ్మిదిన్నరకు ఉత్పత్తి విభాగంలో అడుగుపెట్టి, ఆ విభాగాధిపతిగా కొత్త తెల్లకోటు తొడుక్కుని ఠీవిగా నిలబడి ఉన్న నాకు, ముమ్మారు శుద్ధి చేసిన నీటి తొట్టెను చూపిస్తూ, "ఈ నీళ్ళు శుభ్రంగా ఉన్నాయనడానికి ఆధారం ఏంటండీ?" అన్నారు. ఆ నీటి యంత్రాన్ని నిద్రాహారాలు మాని అమర్చినవాణ్ణి నేను. కొత్తగా వచ్చిన ఆవిడకు కాఫీ తెప్పిద్దామనుకున్నవాణ్ణి, ఆ ప్రశ్న విన్నాక ఆ ప్రయత్నం విరమించుకున్నాను.

పద్దెనిమిదేళ్ళ అవిశ్రాంత సేవ అనంతరం, 2008 జూన్ ముప్ఫయ్యవ తేదీన ఆమె పదవీ విరమణ చేయుచున్న శుభసందర్భాన ఈ అభినందన వ్యాసం రాయమని సంచిక కమిటీ వారు నన్ను కోరారు. పొగడటానికి నేనే దొరికానా అని అడిగితే, "ఆవిడతో అందరికన్నా ఎక్కువ పోట్లాడింది మీరే కదండీ ఉదయ్‌భాస్కర్ గారూ, ఆవిడ సంగతి అందరికన్నా ఎక్కువ తెలిసేదీ మీకే" అన్నారు. కాదనలేకపోయాను. కనుక ఈ వ్యాసంలో ఎక్కడైనా ప్రశంసకు బదులు ఫిర్యాదు ధ్వనిస్తే, అది చిరకాల పరిచయం వల్ల కలిగిన చనువుగా భావించి పాఠకులు మన్నించగలరు.

ఈ సంచికను మన కుటుంబాల వారు కూడా చదువుతారు గనుక, మనం చేసే వస్తువేమిటో ఒక్క మాట చెప్పడం అవసరం. మా మేనమామ గారు ఈనాటికీ నేను కట్టుగుడ్డల కంపెనీలో పనిచేస్తున్నానని బంధువులకు చెబుతూ ఉంటారు. మనిషి మెదడు చుట్టూ ఒక పలచని పొర ఉంటుంది. తలకు శస్త్రచికిత్స చేసినప్పుడు ఆ పొరలో కొంత తీసివేయవలసి వస్తే, ఆ ఖాళీలో కుట్టడానికి ఒక అతుకు కావాలి. గేదె గుండెను చుట్టి ఉండే పొరను తెచ్చి, కడిగి, రసాయనాలలో నానబెట్టి, మళ్ళీ కడిగి, కత్తిరించి, స్టెరిలైజ్ చేసి ఆ అతుకును తయారుచేయడం నా పని. అది మనిషి తలలో పెట్టడానికి తగినదా కాదా అని తేల్చడం శ్యామలాంబ గారి పని. ఈ రెండు పనులకూ మధ్య ఒక గోడ, ఆ గోడకు ఒక తలుపు ఉన్నాయి. నా ఉద్యోగ జీవితంలో అధికభాగం ఆ తలుపు దగ్గర నిలబడి, "అయిందాండీ?" అని అడగడంతోనే గడిచిపోయింది.

పాలకొల్లులో జన్మించి, జంతుశాస్త్రంలో పట్టభద్రురాలై, కొంతకాలం మహిళా కళాశాలలో పాఠాలు చెప్పిన శ్యామలాంబ గారు మన సంస్థకు వచ్చాక మొట్టమొదట చేసిన పని కుందేళ్ళను తెప్పించడం. రెండవ పని, వాటి గదికి ఏసీ పెట్టించడం. ఆనాడు మన మేనేజింగ్ డైరెక్టరు చంద్రరావు గారి గదిలో సైతం కూలరే ఉండేది. రాజమండ్రి ఎండలలో రోళ్ళు పగిలే మే నెలలో మేమంతా చెమటలు కక్కుతూ ఉంటే, కుందేళ్ళు మాత్రం చల్లగా కూర్చుని క్యారెట్లు తినేవి. కరెంటు పోతే జనరేటరు ముందు వారి గదికి, ఆ తరువాత నీటి యంత్రానికి, చిట్టచివర ఎం.డి. గారికి పనిచేసేది. ఏదో ఒక కాగితం పట్టుకుని ఆ కుందేళ్ళ గదిలోకి వెళ్ళి పదినిమిషాలు నిలబడి రావడం మా అందరికీ అలవాటైంది. అయితే అక్కడ మాట్లాడకూడదు, తుమ్మకూడదు, చెప్పులు చప్పుడు చేయకూడదు.

ఈ కట్టుబాటుకు కారణం ఉంది. మా అతుకును ఉప్పునీటిలో నానబెట్టి, ఆ నీటిని కుందేలు చెవి నరంలోకి ఎక్కించి, కొన్ని గంటలపాటు దాని ఒంటి వేడి చూస్తారు. థర్మామీటరు ఎక్కడ పెడతారన్నది అభినందన సంచికలో రాయదగిన విషయం కాదు. వేడి పెరిగితే అతుకులో జ్వరం తెచ్చే పదార్థమేదో ఉన్నట్టు లెక్క. కాని కుందేలు మహా పిరికి ప్రాణి. భయపడినా, కోపం వచ్చినా, ఎవరైనా కసురుకున్నా దాని వేడి పెరిగిపోతుంది. కుందేళ్ళను చూసుకునే మన వెంకన్న ఒకసారి, "ఒసే, కదలకుండా కూర్చోవే!" అని ఒక కుందేలును గదమాయించడం శ్యామలాంబ గారి చెవిన పడింది.

"వెంకన్నా, కూర్చోండి అనండి."

"కుందేలునాండీ?"

"కుందేలునేనండి. అండీ అంటూ అరవడం ఎవరికీ చేతకాదు. మర్యాద వాళ్ళ కోసం కాదు, మీ గొంతు తగ్గడం కోసం."

ఆనాటి నుండి మన కుందేళ్ళ గదిలో "రండి", "కూర్చోండి", "చెవి ఇటివ్వండి" తప్ప వేరొక మాట వినబడలేదు. బయట మనుషులను ఏకవచనంలో పిలిచే వెంకన్న లోపలికి వెళ్ళగానే పెళ్ళివారి మనిషి అయిపోయేవాడు. శ్యామలాంబ గారి శ్రీవారు బుల్లిరాజు గారు ఒకసారి ఇది చూసి, "ఇంట్లో మాకూ ఇదే మర్యాదండి, కాకపోతే మాకు ఏసీ లేదు" అన్నారు.

తొంభైల దశకమంతా ఈ విధంగా గడిచింది. నేను సరుకు పంపేవాణ్ణి, ఆమె పరీక్షించేవారు. పదింటిలో తొమ్మిది సార్లు నెగ్గేది. పదవసారి, "క్షమించాలండి" అనే మాటతో వెనక్కి వచ్చేది. ఆ క్షమించాలండి అనే మాట ఆమె ఎంత మెత్తగా అనేవారంటే, బల్ల గుద్ది పోట్లాడదామని వెళ్ళినవాడు కూడా నమస్కారం పెట్టి వెనక్కి వచ్చేవాడు. వెనక్కి వచ్చాక ఒళ్ళు మండేది. నెగ్గిన సరుకు కాగితం మీదా, ప్రతి ప్యాకెట్టు లేబుల్ మీదా ఆమె చేసే సంతకం, తడి ఇసుకలో పీత నడిచి వెళ్ళినట్టు ఉంటుంది. ఆ పీత నడక లేనిదే గేటు దాటి ఒక్క పెట్టె కూడా కదలడానికి వీల్లేదు.

ఇక 2003 నాటి గోదావరి పుష్కరాల ఘట్టం. దీనిని రాయడానికి చంద్రరావు గారి అనుమతి కోరితే వారు పెద్దమనసుతో అంగీకరించి, ఒకే ఒక షరతు విధించారు. ఇందులో వచ్చేది రాగి చెంబు అని స్పష్టంగా రాయాలి, స్టీలు చెంబు అని రాయరాదు.

ఆ పన్నెండు రోజులూ రాజమండ్రి ఎలా ఉందో మీకు నేను చెప్పనక్కరలేదు. ప్రతి ఇంటా చుట్టాలే. మా ఇంట్లో నాకు పడుకోవడానికి వంటగది గుమ్మం మిగిలింది. సరిగ్గా అప్పుడే విశాఖపట్నంలోని ఒక పెద్ద ఆసుపత్రి నుంచి మనకు అంతవరకు ఎన్నడూ రానంత ఆర్డరు వచ్చింది. అనుకున్న తేదీకి అందితే ఏడాది పొడవునా మన దగ్గరే కొంటారు, అందకపోతే ఎప్పటిలాగే విదేశీ సరుకు తెప్పించుకుంటారు. సెలవులు రద్దు చేసి, పుష్కరాల మొదటి రోజునే సరుకు కడగడం ఆరంభించాము. ఎనిమిది రోజులలో తయారుచేసి, స్టెరిలైజ్ చేసి, విజయగర్వంతో ఆ తలుపు దాటించాను. మరునాడు మధ్యాహ్నానికి మూడు కుందేళ్ళకూ జ్వరం వచ్చింది.

నాకు నమ్మశక్యం కాలేదు. "ఊరంతా మైకులండి, జనమండి, పోలీసు విజిళ్ళండి. ఈ గోలకి నాకే జ్వరం వచ్చేట్టుంది, కుందేళ్ళకి రాదేంటండీ?" అని గట్టిగా వాదించాను. ఆమె కాదనలేదు. మరునాడు మరికొన్ని కుందేళ్ళను తీసుకుని, సగం వాటికి మా అతుకు నానిన నీటిని, సగం వాటికి వట్టి ఉప్పునీటిని ఎక్కించారు. సాయంత్రం నన్ను తలుపు దగ్గరకు పిలిచారు.

"మైకు అందరికీ ఒకేలా వినబడిందండి. జ్వరం మాత్రం మీ సరుకు పుచ్చుకున్న వాళ్ళకే వచ్చింది. క్షమించాలండి."

తెల్లవారేసరికి లారీ గేటు దగ్గర ఆగి ఉంది. విశాఖపట్నం నుంచి ఫోను మీద ఫోను. చంద్రరావు గారు మా ఇద్దరినీ తమ గదికి పిలిపించారు. వారు స్వభావరీత్యా అతి మృదువైన వ్యక్తి. ఎంతటి కోపంలోనైనా బహువచనం జారిపోదు. అటువంటి వారు ఆనాడు కుర్చీ కూడా చూపించకుండా, "శ్యామలాంబ గారూ, సాయంత్రంలోగా సంతకం పెట్టండి. పెట్టలేనంటారా, రేపటి నుంచి తమరు ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోవచ్చండి" అన్నారు. అంటే ఈ పదవీ విరమణ సభ అయిదేళ్ళ క్రితమే, పూలదండ కూడా లేకుండా జరిగిపోవలసింది. ఆ సంవత్సరం బుల్లిరాజు గారి ఎరువుల కొట్టు మూతపడి ఉంది. ఆమె జీతంతోనే ఇల్లు నడుస్తున్నదని ఆ గదిలో ముగ్గురికీ తెలుసు.

శ్యామలాంబ గారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ముఖం పాలిపోయింది. మాట మాత్రం మారలేదు. "ఈ సరుకులో జ్వరం తెచ్చేది ఏదో ఉందండి. మెదడు దగ్గర అది చేరిందంటే మనిషి దక్కడం కష్టమండి. నేను పెట్టలేను" అన్నారు.

"ఉండడానికి వీల్లేదండి!" అన్నారు చంద్రరావు గారు.

"వీల్లేదనడానికి ఆధారం ఏంటండీ?"

చంద్రరావు గారు తమ బల్ల మీద, అరిటాకు ముక్క మూతగా పెట్టి ఉన్న రాగి చెంబును రెండు చేతులతో ఎత్తి చూపారు.

"ఇదండీ ఆధారం! పుష్కరాల తొలినాడు తెల్లారకట్ల కోటిలింగాల రేవులో మునిగి, ఈ చెంబు నిండా గోదావరమ్మని పట్టుకొచ్చానండి. షిఫ్టు మొదలవకముందే లోపలికెళ్ళి, ఆఖరిసారి కడిగే తొట్టి ఉంది చూశారూ, అందులో నా చేత్తో నేనే సగం చెంబు పోశాను. మనిషి తలలో పెట్టే వస్తువు కదా, నలుగురూ చల్లగా ఉండాలని సంకల్పం చెప్పుకుని మరీ పోశానండి. ఆ సరుక్కి దోషమంటే నేనెలా ఒప్పుకుంటానండీ?"

ముమ్మారు శుద్ధి చేసి, వడకట్టి, గాలి తగలకుండా గొట్టాలలో నడిపించి, పదమూడేళ్ళుగా నేను కంటికి రెప్పలా కాపాడుకుంటున్న నీళ్ళవి! అందులో, లక్షలాది జనం పాపాలు కడుక్కున్న రేవు నుంచి సగం చెంబు! నేను గోడకు చేరగిలబడ్డాను. శ్యామలాంబ గారు మాత్రం, తప్పిపోయిన పిల్లవాడు దొరికినట్టు ఊపిరి పీల్చుకున్నారు.

"అదేనండి జ్వరం" అన్నారు.

"ఆ తరువాత స్టెరిలైజ్ చేశాం కదండీ? క్రిములుంటే చచ్చిపోవూ?" అన్నారు చంద్రరావు గారు.

"చచ్చాయండి. చచ్చిన వాటి పెంకులు ఎక్కడికి పోతాయండీ? అతుక్కి అంటుకునే ఉంటాయి. జ్వరం తెచ్చేది ఆ పెంకులే. వాటిని కుందేలు ఒక్కటే కనిపెడుతుందండి."

చంద్రరావు గారి ముఖం ఎర్రబడింది. చెంబు బల్ల మీద పెట్టి, "అంటే, గోదావరమ్మ నీళ్ళు మంచివి కావంటారు. పుష్కరాల్లో, ఈ ఊళ్ళో నిలబడి, నా ఎదట ఆ మాటంటారు" అన్నారు. ఆ క్షణంలో ఆమె ఉద్యోగం పోయినట్టేనని నేను నిశ్చయించుకున్నాను. పోట్లాటలన్నీ మరచిపోయి, ఆమె తరఫున ఏదైనా అనాలని నోరు తెరిచాను. అంతలో ఆమే అందుకున్నారు.

"లేదండి. నేనూ పొద్దున్నే మునిగి వచ్చినదాన్నేనండి, జుట్టింకా ఆరలేదు. గోదావరమ్మ నీళ్ళు తల మీద పోసుకుంటే పుణ్యమేనండి. తల లోపల పోసుకోమని ఏ శాస్త్రంలోనూ లేదండి."

చంద్రరావు గారు చెంబును దగ్గరకు జరుపుకున్నారు. తరువాత అరిటాకు ముక్కను సర్ది, కుర్చీలో కూర్చుని, మా ఇద్దరినీ కూడా కూర్చోమన్నారు. "మరి ఈ సరుకేం చేద్దామండీ? తీర్థం తగిలింది, తగలబెట్టడానికి మనసొప్పదు. పోనీ, గోదాట్లో కలిపేద్దామా?" అన్నారు.

"వద్దండి. ఆవిడ మనకేం అపకారం చేసిందండీ పాపం" అన్నారు శ్యామలాంబ గారు.

మొదట నవ్వింది చంద్రరావు గారే. లారీని ఖాళీగా తిప్పి పంపేశారు. సరుకును వ్యర్థాలు కాల్చే కొలిమిలో వేయించి, వారు దూరంగా నిలబడి నమస్కారం పెట్టుకున్నారు. విశాఖపట్నానికి శ్యామలాంబ గారే స్వయంగా ఫోను చేసి, "మా కుందేళ్ళకి జ్వరం వచ్చిందండి, సరుకు పంపడం లేదు" అని ఉన్నమాట చెప్పారు. అటువైపు వైద్యుడు, ఆ మాట చెప్పి సరుకు ఆపిన కంపెనీని తాను చూడలేదని, మూడు వారాలు ఆగుతానని అన్నారు. ఆ ఆసుపత్రి నేటికీ మన దగ్గరే కొంటున్నది. రాగి చెంబు ఎం.డి. గారి గదిలోనే ఉంది. నా తొట్టె మూతకు మాత్రం ఆ వారమే తాళం వేయించాను, తాళంచెవి శ్యామలాంబ గారికి అప్పగించాను.

ఈ వ్యాసం ఇక్కడితో ముగిస్తే సంచిక కమిటీ వారు సంతోషిస్తారు. కాని చెప్పవలసింది ఇంకొకటి ఉంది, అది చెప్పకుండా నేను ఆమెను సాగనంపలేను.

2006లో నా భార్య సత్యలక్ష్మికి తలనొప్పులు మొదలయ్యాయి. స్కానింగులో మెదడు పైపొర మీద కణితి కనబడింది. కేన్సరు కాదని, కాని తీయక తప్పదని వైద్యులన్నారు. విశాఖపట్నంలో అదే ఆసుపత్రి. ఆపరేషను నాటి ఉదయం వైద్యుడు నన్ను పక్కకు పిలిచి, "మీ కంపెనీ అతుకే వేస్తున్నామండి" అని ప్యాకెట్టు చేతికిచ్చారు. ఎన్ని వేల ప్యాకెట్లు నా చేతుల మీదుగా వెళ్ళాయో. నేను కడిగించిన సరుకు గనుక నాకు నమ్మకం కలగాలి కదా? కలగలేదు. మనిషి తలలో పెట్టే వస్తువని నోటితో చెప్పడం వేరు, ఆ తల సత్యలక్ష్మిది కావడం వేరు. కళ్ళజోడు సవరించుకుని ప్యాకెట్టు వెనక్కి తిప్పాను. లేబుల్ మీద అడుగున, తడి ఇసుకలో పీత నడిచి వెళ్ళింది. బెంచీ మీద కూర్చుని కాసేపు ఏడ్చాను. ఆ తరువాత నాకు భయం వేయలేదు.

సత్యలక్ష్మి శనివారం పూట కోడిగుడ్డు ఉడికిన గిన్నెను కూడా ముట్టుకోదు. కోలుకున్న వారం రోజులకు అనుమానం వచ్చి, "ఏంటండీ నా తల్లో పెట్టారు?" అని అడిగింది.

"మా సరుకే" అన్నాను.

"అంటే, గేదె గుండె పొరా!" అంటూ మంచం మీద లేచి కూర్చుంది. "అందుకేనా ఈ మధ్య మీరెంత పిలిచినా పలకాలనిపించడం లేదు?" అని, ఒక క్షణం ఆలోచించి, "శ్యామలాంబ గారు చూశారా దాన్ని?" అంది.

"చూశారు. సంతకం ఉంది."

"అయితే ఫర్లేదు లెండి" అని మళ్ళీ పడుకుంది.

మొన్న ఈ వ్యాసం రాస్తూ ఉంటే ఆమె వచ్చి, ఇక మీదట ఎవరు చూస్తారని నిలదీసింది. పాఠకులలో చాలామందికి ఈ దిగులు ఉందని నాకు తెలుసు. శ్యామలాంబ గారి దగ్గర ఆరేళ్ళు పని నేర్చుకున్న కుమారి లావణ్య ఆ బాధ్యత స్వీకరిస్తున్నది. పోయిన వారమే నా సరుకు ఒకటి వెనక్కి పంపింది. నేను యథావిధిగా తలుపు దగ్గరకు వెళ్ళి గొంతు పెంచబోతే, ఆ అమ్మాయి వేలు పెదవి మీద పెట్టుకుని, లోపల పెద్దవాళ్ళు కూర్చుని ఉన్నారన్నట్టు కుందేళ్ళ వైపు చూసి, "క్షమించాలండి" అంది. నాకు ఒళ్ళు మండింది. సత్యలక్ష్మికి ఈ సంగతి చెప్పగానే నిశ్చింతగా లోపలికి వెళ్ళిపోయింది.

ఈ వ్యాసపు చిత్తుప్రతిని మర్యాదపూర్వకంగా శ్యామలాంబ గారికి చూపించాను. "అద్వితీయ మేధాసంపన్న" అని నేను రాసుకున్న చోట, "ఆధారం ఏంటండీ?" అని పెన్సిలుతో రాసి ఇచ్చారు. కొట్టివేశాను. అటువంటి విశేషణాలు ఇంకా చాలా పోయాయి. ఇప్పుడు మీరు చదువుతున్నది ఆమె పరీక్షలో నెగ్గి మిగిలిన భాగం.

శ్యామలాంబ గారూ, రేపటి నుంచి తమరు ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోవచ్చండి. ఈసారి పూలదండతో చెబుతున్నాము. ఇకపై వేడి చూడవలసినవి ఉదయం కాఫీ, మధ్యాహ్నం అన్నం తప్ప మరేవీ కాకుండా, బుల్లిరాజు గారితో కలిసి, ఏసీ పెట్టించుకున్న ఇంట్లో, జ్వరమన్నది ఎరుగక, మనుమల మనుమలచేత కూడా అండీ అనిపించుకుంటూ తమరు కలకాలం చల్లగా ఉండాలని సంస్థ పక్షాన కోరుకుంటున్నాను. నా ఇంటి పక్షాన కూడా కోరుకుంటున్నాను. ఈ కోరిక మనస్ఫూర్తి అయినదనడానికి ఆధారం ఏమిటని తమరు తప్పక అడుగుతారు. సభలో ముందు వరుసలో, తలలో కనకాంబరాలు పెట్టుకుని కూర్చుని ఉంటుంది, చూడండి.